గులకరాళ్ల చప్పుడు

ఫిబ్రవరి 3

నట్టూ,

ఇక్కడ ఇద్దరం తిని తిరుగుతున్నాం. నువ్వూ అలాగే ఉన్నావనుకుంటా. ఆ ముక్క అయింది కాబట్టి పనిలోకి వస్తా.

నువ్వు పంపిన ఇంజను కంప్యూటరు ఎర్ర పికప్పులో బిగించేశాను. పాత ఇంజను దించేశానని మీ నాన్న నీకు చెప్పే ఉంటాడు. నా తమ్ముడే అయినా వాడి నోట్లో ఆవగింజ నానదు. గుద్దుకుని మూల పడున్న కారులోంచి పెద్ద ఇంజను తీసి పెట్టాను. దానికి టర్బో తగిలించాను. ఇంజెక్టర్లు లావువి వేశాను. ఇంజను పట్టకపోతే అడ్డపట్టీ కోసి వెనక్కి జరిపి వెల్డింగు కొట్టాను. ఇవన్నీ నాకు వచ్చు. పెట్రోలు ఎంత పొయ్యాలి, నిప్పు ఎప్పుడు వెయ్యాలి అనేది మాత్రం ఒకప్పుడు స్క్రూ తిప్పుతూ చెవితో పట్టేవాణ్ణి. ఇప్పుడు తిప్పడానికి స్క్రూ లేదు, నీ పెట్టె ఉంది. దాని లెక్కలు నువ్వే వెయ్యాలి. జేబునిండా నట్లు పోసుకుని నా షెడ్డులో తిరిగిన పిల్లని నేను సాయం అడగడం ఏంటో. అడుగుతున్నాగా.

తొందర ఎందుకంటే, రోడ్డు వెడల్పు చేస్తున్నారు. షెడ్డు గోడ మీద ఎర్ర గీత గీసిపోయారు. మార్చి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. కొండ మీద మీ పెద్దమ్మ చెల్లెలి ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, అక్కడికి మారుతున్నాం. మిగతా సామాను ఎవడైనా మోస్తాడు. ఇనుము తిప్పి చెక్కే లేతు మిషను మాత్రం నా బండిలో, నా చేతుల మీద ఎక్కాలి. అద్దె లారీ వాళ్లు దాన్ని దొర్లిస్తారు. దాని కింది దిమ్మ, ఆ బెడ్డు, వెంట్రుకవాసి వంకర పోయినా అది ఇక లేతు కాదు, పాత ఇనుము. ఇంకో మాట. సొంత బండిలో సొంత మిషనుతో ఎక్కితే నేను మేస్త్రీని. అద్దె లారీలో మూటలతో పాటు ఎక్కితే మరదలి ఇంటి మీద పడ్డ ముసలాణ్ణి. అది నా వల్ల కాదు.

నువ్వు చెప్పినట్టే పెట్టెలో మెమరీ కార్డు పెట్టి బండి తిప్పాను. కార్డు దూదిలో చుట్టి ఇందులో పెట్టాను. ఫోను చెయ్యకు. ఫోనులో లెక్కలు చెబితే నాకు నిలవవు. కాగితమైతే మేకుకి గుచ్చుకుని చూసుకుంటా.

కూర్చుంటే నిలబడాలని ఉంది, నిలబడితే నడవాలని ఉంది. తొందరగా రాయి.

పెదనాన్న

ఫిబ్రవరి 9

పెదనాన్నా,

నీ ఉత్తరం మా వర్క్‌షాపులో అందరికీ చదివి వినిపించాను. ఏమనుకోకు. అడ్డపట్టీ కోసి మళ్లీ అతికిన మనిషిని చూడాలని మా ఓనరు అంటున్నాడు. రోజూ రోలర్ల మీద కొత్త బండ్లు ఎక్కించి లెక్కలు సరిచేస్తుంటాం కానీ, ఇలాంటి కలగాపులగం మాకు రాలేదు.

నీ కార్డు చూశాను. పొగగొట్టంలో బిగించిన సెన్సరు ఉంది కదా, అది పొగ వాసన చూసి పెట్రోలు ఎక్కువో తక్కువో చెబుతుంది. నీ బండిలో అది పెట్రోలు చాలడం లేదని గోల పెడుతోంది. అందుకని అన్ని చోట్లా కాస్త పెంచాను. కొత్త లెక్క ఈ కార్డులోనే ఉంది. పెట్టెలో దూర్చి, తాళం తిప్పి, ఆకుపచ్చ దీపం వెలిగేదాకా సెల్ఫు కొట్టకు. మళ్లీ చెబుతున్నా, వెలిగేదాకా. నీ ఓపిక నాకు తెలుసు.

బరువుతో కొండ ఎక్కడం అంటే ఖాళీ బండితో వీధిలో తిరగడం కాదు. ఒక్కో మెట్టూ చూసుకుని వెళదాం. నెలాఖరు అని నన్ను తరమకు.

పెద్దమ్మకి ముద్దులు. నీకు లేవు, మీసం గుచ్చుకుంటుంది.

నట్టు

ఫిబ్రవరి 15

నట్టమ్మగారికి,

మీ ఓనరుకి నా ఉత్తరాలు చదవకు. వాడేమైనా నాకు పిల్లనిచ్చిన మామా.

నీ లెక్క పెట్టాను. దీపం వెలిగేదాకానే ఆగాను. సెల్ఫు కొట్టగానే వెనక నల్లటి పొగ. ఎదురింటావిడ ఆరేసిన దుప్పట్లు తీసుకుని లోపలికి పరిగెత్తింది. ప్లగ్గులు విప్పితే మసిబొగ్గులు. పెట్రోలు చాలకపోవడం కాదు, ఇంజను పెట్రోలులో మునిగి ఉంది. నీ సెన్సరు అబద్ధాల కోరు అనుకుని దాని వెంట చెయ్యి పెట్టి వెతుక్కుంటూ పోయాను. టర్బో కింద ప్యాకింగు ఒక మూల కాలిపోయింది, చుట్టూ మసి. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వెళుతోంది. సెన్సరు ఆ గాలి చూసి పెట్రోలు లేదని ఏడుస్తోంది, నువ్వు దాని ఏడుపు విని పోస్తున్నావు. కొత్త ప్యాకింగు నేనే రాగి రేకు కోసి వేశాను. నువ్వు పెంచింది తీసెయ్యి.

కంప్యూటరు చెప్పిందల్లా నమ్మితే ఇలాగే ఉంటుంది. నా షెడ్డులో నేర్చుకున్నది అప్పుడే మర్చిపోయావా. ముందు చెయ్యి పెట్టి చూడాలి, తర్వాతే లెక్క.

లేతు విడదీయడం మొదలెట్టాను. నువ్వు పంపే లోపు ఏం చెయ్యాలో తెలియక దాని స్క్రూలన్నీ విప్పి తుడిచి మళ్లీ బిగించాను. మీ పెద్దమ్మ నన్ను చూసి, విప్పుతున్నారా బిగిస్తున్నారా తేల్చుకోండి అంది.

గెలిచిన పెదనాన్న

ఫిబ్రవరి 21

గెలిచిన పెదనాన్నకి ఓడిన నట్టు రాసేది,

ఒప్పుకున్నాను. మా ఓనరు కూడా ఒప్పుకున్నాడు. ప్యాకింగు మార్చాక నువ్వు పంపిన కార్డు అద్దంలా ఉంది. పెట్రోలు తగ్గించాను, స్లో కూడా సర్దాను. ఇక సిగ్నల్ దగ్గర దగ్గుతూ ఆగిపోదు.

కానీ ఒకటి అడగనా. ప్యాకింగు కాలితే టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది కదా. వీధి చివర పోయే బండి విని 'వీడి ప్యాకింగు పోయింది' అనేవాడివి. ఇది మసి కనబడేదాకా తెలియలేదా?

దానికంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ఇంజను దిమ్మకి ఒక చిన్న సెన్సరు బిగించమన్నాను చూడు, ఇనుము మీద చెవి పెట్టి కూర్చునేది. మూడో గేరులో చదును మీద నువ్వు గట్టిగా తొక్కినప్పుడు అది నాకింగు వస్తోందని చెబుతోంది. నిప్పు మరీ ముందు పడి, పెట్రోలు మంట పిస్టను నెత్తిన దెబ్బ కొడుతోంది. నువ్వు నాకు చెప్పాల్సినది నేను నీకు రాస్తున్నాను, నవ్వకు. డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు చప్పుడు వస్తోందా? నిజం రాయి. ఖాళీ బండికే ఇలా ఉంటే మిషను వేసుకుని కొండెక్కితే పిస్టను కరిగిపోతుంది. ఒకటి ఇక్కడ చూశాను, కొవ్వొత్తి కారినట్టు కారిపోయింది. ఆ రోజు నుంచి కంప్యూటరులో ఈ నాకింగు గీతలు చూస్తే నాకు కాలూ చెయ్యీ ఆడదు.

అందుకని నిప్పు కాస్త వెనక్కి జరిపాను. బలం తగ్గుతుంది. ఓర్చుకో.

నట్టు

ఫిబ్రవరి 27

నట్టూ,

గులకరాళ్లు లేవు, కంకరా లేదు. కిటికీలు దించి, మూడో గేరులో, నువ్వు చెప్పిన చోటే తొక్కాను. ఇంజను వెన్నలా ఉంది. చప్పుడు రానిదే వచ్చిందని నేను ఎలా రాయను.

ప్యాకింగు సంగతి ఎత్తిపొడిచావు. ఈ టర్బో ఈలకి టిక్ టిక్‌లు ఎవడికి వినిపిస్తాయి, నీకు వినిపిస్తాయా. నా చెవి సంగతి నువ్వు నాకు చెప్పకు. ఈ చెవితోనే మీ నాన్న పెళ్లికి వచ్చిన బండ్లలో ఏది తిరిగి ఇల్లు చేరదో వరసగా చెప్పాను.

నిప్పు వెనక్కి జరిపావు, బండి చచ్చింది. ఇసుక మూటలు వేసి వంతెన ఎక్కిస్తే సైకిలు మీద కూరగాయలు అమ్మేవాడు పక్కనుంచి దాటి పోయాడు. పోతూ పోతూ 'తాతా, తొయ్యనా' అన్నాడు. నీ లెక్క వల్ల వాడితో ఆ మాట పడాల్సి వచ్చింది. ఇలా అయితే కొండ మొదటి మలుపే ఎక్కదు. ఎదురు వరస కొట్లు పడగొట్టడం మొదలెట్టారు. దుమ్ము నా లేతు మీద పడుతోంది, గోనె కప్పి పెట్టాను.

ఆ సెన్సరు వట్టి పిరికిది. పక్కన ఏ పట్టీ వదులుగా ఉన్నా ఉలిక్కిపడుతుంది. విప్పి, కూర్చునే చోటు శుభ్రం చేసి, మళ్లీ బిగించాను. మళ్లీ తిప్పి కార్డు పంపుతున్నా. ఇప్పుడు చూడు, ఒక్క గీత ఉంటే అడుగు. నిప్పు మళ్లీ ముందుకి జరుపు.

పెదనాన్న

మార్చి 5

పెదనాన్నా,

కార్డు చూశాను. నాకింగు గీత ఒక్కటీ లేదు. నువ్వు అన్నట్టే అది వదులు పట్టీ మోతే అయ్యుండాలి. నీ చెవిని అనుమానించాను, లెంపలు వేసుకుంటున్నాను. నిజం చెప్పొద్దూ, సంతోషంగా ఉంది. పోయిందేమో అనుకున్నాను. పోలేదు.

నిప్పు మళ్లీ ముందుకి జరిపాను, ముందు ఉన్నదానికంటే ఒక పిసరు ఎక్కువే ఇచ్చాను. బరువు మీద లాగుతుంది. ఈసారి కూరగాయలవాణ్ణి నువ్వే తోస్తావు.

జాగ్రత్తగా ఎక్కించు. పెద్దమ్మ మాట విను.

లెంపలు వాచిన నట్టు

మార్చి 9

పెదనాన్నా,

నీ ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. ఈ ఉత్తరం అందితే ఇక బండి మీద బరువు వెయ్యకు. వేసి ఉంటే దించు.

నిన్న ఇంకో బండి లెక్క చూస్తూ నీది గుర్తొచ్చి మళ్లీ తెరిచాను. ఎంత మంచి ఇంజనుకైనా లోపల ఏదో ఒక చప్పుడు ఉంటుంది. వాల్వులు కొట్టుకుంటాయి, గొలుసు తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ సెన్సరు గీత కొంచెం కొంచెంగా లేవాలి. నీ కొత్త కార్డులో అది అసలు లేవడమే లేదు. ఇంజను గొంతెత్తి తిరుగుతుంటే సెన్సరు దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆ రోజు సంబరంలో నాకు అది కనబడలేదు.

సెన్సరు కింద ఏం పెట్టావు? రబ్బరా, తోలా? నీ షెడ్డులో మోత వచ్చే ప్రతిదాని కిందా నువ్వు పాత ట్యూబు ముక్క పెట్టేవాడివి, నాకు తెలియదా.

తిట్టడం లేదు. భయంగా ఉంది. నేను ఇచ్చిన లెక్కతో ఆ ఇంజను కొండెక్కకూడదు.

నట్టు

మార్చి 10

నట్టూ,

నీ మార్చి 5 కార్డు అందింది. నిన్న లేతు బెడ్డు చెయిన్ పుల్లీతో ఎత్తి బండిలో పెట్టి కట్టాం. ఇవాళ పొద్దున్నే బయల్దేరాం, నేనూ మీ పెద్దమ్మా. జరిగింది జరిగినట్టు రాస్తున్నా. మధ్యలో ఆపితే మళ్లీ రాయలేను.

బండి లాగింది. ఏం లాగిందనుకున్నావు. మొదటి రెండు మలుపులూ నా వయసు సగం తగ్గింది. మూడో మలుపు దగ్గర మీ పెద్దమ్మ 'ఏమండీ, వెనక డబ్బా ఏదో ఉంది, మూత సరిగ్గా పెట్టలేదా' అంది. డబ్బా ఏమీ లేదన్నాను. 'మరి గలగలమంటోంది ఏంటి' అంది. పాత బండి, ఏదో ఒకటి మోగుతుందిలే అన్నాను.

ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టి వింది. తర్వాత 'అది వెనక కాదు, ముందు. మీరు కాలు నొక్కినప్పుడే వస్తోంది. తీస్తే ఆగిపోతోంది. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది' అంది.

నట్టూ, మీ పెద్దమ్మకి ప్లగ్గుకీ పిస్టనుకీ తేడా తెలియదు. నీ మాటలు నేను ఆవిడకి చదివి వినిపించలేదు. అదే మాట ఆవిడ నోట్లోంచి వచ్చింది. నేను చెవులు రిక్కించాను. నాకు టర్బో ఈల లేదు, గులకరాళ్లు లేవు. ఒకటే మెత్తటి గుర్రు. నేను వెన్న అని రాసింది దాన్నే.

బండి ఓరగా ఆపాను. ఆవిణ్ణి స్టీరింగు ముందు కూర్చుని బండి పైకి ఎక్కించమన్నాను. బండి నేనే నేర్పాను, పక్కన కూర్చుని తిడతానని మానేసింది. గేరు రాడ్డు చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు లాగేసి, ఆ సందులోంచి పొడుగు ఇనుపకమ్మీ గేరుబాక్సు మీదికి దించాను. పై కొస పళ్లతో కరిచి పట్టుకున్నాను. చెవి పోయిన మా గురువు అలా వినేవాడు. ఆయన్ని చూసి మేం వెనక నవ్వేవాళ్లం. నొక్కు, అని చేత్తో చెప్పాను. ఆవిడ నొక్కింది.

నా పుర్రె నిండా గులకరాళ్లు పడ్డాయి. తియ్యి అని సైగ చేశాను, ఆగింది. నొక్కు అన్నాను, పడ్డాయి. ఒక పన్ను కొస విరిగింది.

సెన్సరు కింద ట్యూబు ముక్క పెట్టాను. నువ్వు కనిపెట్టే లోపు నేనే చెబుతున్నా. అది అరుస్తోంది, నాకేమీ వినపడటం లేదు, అందుకని దాని నోరు నొక్కాను. ఆ ముక్కని అక్కడే తీసి లోయలోకి విసిరేశాను.

పైకి వెళ్లలేదు. బండి తిప్పుకుని బెడ్డుతో సహా దిగివచ్చాం. రోడ్డు పనివాళ్లు దూరం నుంచే బండి చూసి 'ఏం మేస్త్రీ, అప్పుడే దింపేసి వచ్చావా' అన్నారు. లేదు అని చెప్పాను. ప్లగ్గులు విప్పాను. మూడో దాని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు ఉన్నాయి. కొన్ని మెరుస్తున్నాయి. ఆ మెరుపు పిస్టనుదేనని నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో నువ్వు చెప్పు.

పెదనాన్న

మార్చి 15

పెదనాన్నా,

మన ఉత్తరాలు దారిలో దాటిపోయాయి. నీది చదివి వర్క్‌షాపు బయటికి వెళ్లి తిరిగాను. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. మీ ఇద్దరూ ఆ ఏటవాలు మీద ఉండగా ఇంజను పట్టేసి ఉంటే, అది నా చేత్తో వేసిన లెక్క. నువ్వు సెన్సరు నోరు నొక్కావు కానీ, నేను కళ్లు తెరుచుకునే సంతకం పెట్టాను. 'పోలేదు' అని నమ్మాలని ఉండి నమ్మాను. కోపం నీ మీద ఎంతో నా మీదా అంతే. ఇంటికి వచ్చాక తీర్చుకుంటాను.

ఇప్పుడు పని. దిమ్మ మీద రంగు గీకి, సెన్సరుని పచ్చి ఇనుముకి ఆనించి బిగించు. కింద ఏమీ వద్దు, ఆఖరికి వాషరు కూడా. మూడో బోరులో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, ఆ కంప్రెషను చూడు. మిగతావాటికి దగ్గరగా ఉంటేనే బరువెయ్యి. లేకపోతే అద్దె లారీ. నువ్వు ఏమన్నా సరే.

ఈ కార్డులో టర్బో గాలి తగ్గించాను, నిప్పు బాగా వెనక్కి జరిపాను, బరువు మీద పెట్రోలు కాస్త చిక్కగా పెట్టాను. సెన్సరు ఉలిక్కిపడితే నిప్పు తనంతట తనే ఇంకా వెనక్కి పోతుంది. ఇది కొండ మీద పరిగెత్తదు. నడుస్తుంది. ఎవడు దాటి పోయినా పోనియ్యి. 'తొయ్యనా' అన్నా అననియ్యి.

పెద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకో. ఆవిడ తియ్యి అంటే కాలు తియ్యి.

నట్టు

మార్చి 29

నట్టూ,

కొండ మీద నుంచి రాస్తున్నా. బల్ల ఇంకా సర్దలేదు, లేతు బెడ్డు మీదే కాగితం పెట్టాను.

మూడో బోరు ఒక వీసం తక్కువుంది, మిగతావి సమానం. నీకు చెప్పకుండా ఎక్కేద్దామని ఒకసారి అనిపించింది. అందుకే చెబుతున్నా. ఖాళీగా తిప్పాను, మూటలతో తిప్పాను, ఆ కార్డు ఇందులో ఉంది, చూసుకో. తర్వాతే బెడ్డు వేశాను. రెండో గేరులో ఎక్కాం. వెనక బస్సువాడు హారను మీద చెయ్యి తియ్యలేదు, అది మాత్రం నాకు శుభ్రంగా వినబడింది. మీ పెద్దమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. రెండు చోట్ల తియ్యండి అంది, తీశాను. ఎందుకని అడగలేదు. నా జన్మలో ఎవరైనా తియ్యమంటే ఎందుకని అడగకుండా కాలు తియ్యడం అదే. మర్నాడు లేతు హెడ్డూ మోటారూ తెచ్చాం. షెడ్డు తాళం రోడ్డువాళ్లకి ఇచ్చేశాను.

బెడ్డు లెవలు చూశాను. వంకర లేదు.

నిన్న పాల వ్యాను డ్రైవరు వచ్చాడు. 'మేస్త్రీగారూ, బండి ఎక్కడో కీచుమంటోంది, కాస్త చెవి వేసి చూడండి' అన్నాడు. మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. నేను అతనితో, నాకు సన్నటి చప్పుళ్లు వినబడవయ్యా, ఎక్కడ కీచుమంటోందో నువ్వు చెప్పు, ఎందుకో నేను చెబుతా అన్నాను. అతను వింత చూసినట్టు చూడలేదు. వంగి విని 'ఇదిగో, ఇక్కడ' అన్నాడు. బేరింగు. దాని బుష్షు ఇవాళ లేతు మీద తిప్పి ఇచ్చాను.

అయినా మనసు కుదురుగా లేదు. గులకరాళ్లు వినలేదు, టిక్ టిక్ వినలేదు. ఇంకా ఏమేమి వినలేదో అని లెక్క వేసుకుంటూ తిరుగుతున్నా. ఎవరు పెదవులు కదిపినా అనుమానం. ఇవాళ బేరింగు పని చేస్తుంటే మీ పెద్దమ్మ గుమ్మంలోంచి ఏదో అని వెళ్లిపోబోయింది. ఆవిడ ఈమధ్య తక్కువ మాట్లాడుతోంది, వయసు మీద నెమ్మదించింది అనుకునేవాణ్ణి. పిలిచి, ఇన్నాళ్లూ నువ్వు అన్నవీ నేను విననివీ ఏంటి అని అడిగాను.

'ఒక్కసారిగా అడిగితే ఎక్కడని మొదలెట్టను? బోలెడున్నాయి. ముందు ఆ మిషను ఆపండి' అంది.

ఆపాను.

పెదనాన్న